పెళ్లికూతురు నీలంగా ఎందుకుంది?

పెళ్లయి పది రోజులైంది. చుట్టాలు వెళ్లిపోయారు, ఇల్లు సర్దుకుంది. ఆదివారం భోజనాలయ్యాక బాబాయి స్వయంగా తీసిన వీడియో చూద్దామని అందరూ టీవీ ముందు చేరతారు. ఐదు నిమిషాలు గడవకముందే మొదలు. ‘అదేమిట్రా, అల్లుడి మొహం అసలు కనపడ్డమే లేదు!’, ‘పిల్ల మొహానికి నీలం పూసినట్టుందే!’, ‘వెనకాల కిటికీ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది బాబాయ్!’ బాబాయి కాసేపు నవ్వేసి, ఆ తర్వాత నేరం కెమెరా మీదికి నెట్టేస్తారు.

ఒకరకంగా ఆయన మాట నిజమే. క్యామ్‌కార్డర్‌ని ఆటోలో వదిలేస్తే అది తనకు తెలిసిన లెక్క ప్రకారం తీసుకుపోతుంది. ఆ లెక్కలో పెళ్లికూతురు లేదు, తాతయ్య లేరు, ముహూర్తం లేదు. వెలుగు ఎంత, అందులో ఎరుపెంత, నీలమెంత... అంతే. ఎవరి మొహం కనపడాలో దానికి చెప్పాల్సింది మనమే. అలా చెప్పడానికే ప్రతి హ్యాండీక్యామ్‌లోనూ రెండు సదుపాయాలుంటాయి. ఒకటి ఎక్స్‌పోజర్, రెండోది వైట్ బ్యాలెన్స్. 2000 తర్వాత మన ఇళ్లలోకి వచ్చిన మినీ డీవీ క్యామ్‌కార్డర్లలో దాదాపు అన్నిటికీ ఇవి ఉన్నాయి. తర్వాత వచ్చిన మెమరీకార్డు రకాలకూ ఉన్నాయి. చేతిలో ఉన్న ఫోనుకీ ఉన్నాయి. ముట్టుకునేవాళ్లే తక్కువ.

మధుపర్కాలతో తంటా

కెమెరా లెక్క ఏమిటో ముందు తెలుసుకుందాం. ఎదురుగా ఏమున్నా సరే, మొత్తం కలిపి సగటు తీస్తే అది నలుపూ కాకుండా తెలుపూ కాకుండా మధ్యస్థమైన బూడిదరంగు వెలుగు రావాలన్నది దాని నమ్మకం. మామూలు దృశ్యాల్లో ఈ నమ్మకం బాగానే పనిచేస్తుంది. చెట్లు, రోడ్డు, మనుషులు, కాస్త ఆకాశం ఉంటే సగటు అక్కడికే వస్తుంది. చిక్కంతా తెలుపు గానీ నలుపు గానీ మరీ ఎక్కువైనప్పుడే.

మన పెళ్లిలో తెలుపు ఎక్కడుందంటారా? మధుపర్కాలు! వధూవరులిద్దరూ తెల్లటి నేతబట్టల్లో పక్కపక్కన కూర్చుంటారు. వెనక తెల్లటి పూల అలంకరణ, పైన లైట్లు. ఫ్రేములో ముప్పావు భాగం తెలుపే. కెమెరా ఏమనుకుంటుంది? ‘అమ్మో, వెలుగు మరీ ఎక్కువైంది’ అని లోపలి ఐరిస్‌ను బిగిస్తుంది. తెలుపు కాస్తా బూడిదగా మారుతుంది. దాంతోపాటు చామనఛాయ మొహాలు నల్లబడిపోతాయి. పెళ్లికొడుకు కళ్లెక్కడున్నాయో వెతుక్కోవాల్సి వస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురు తంటా స్కూలు వార్షికోత్సవంలో. స్టేజి వెనక నల్లటి తెర, మధ్యలో మీ అమ్మాయి కూచిపూడి వేషంలో, మీద ఒకే ఒక స్పాట్‌లైటు. ఫ్రేములో ముప్పావు భాగం చీకటి. కెమెరా ఐరిస్ పూర్తిగా తెరుస్తుంది. చాలకపోతే ఎలక్ట్రానిక్‌గా వెలుగు పెంచుతుంది. నల్లతెర బూడిదవుతుంది, దానిమీద చీమలు పాకినట్టు చుక్కలు కదులుతాయి. పాపేమో సున్నం కొట్టినట్టు తెల్లగా, కళ్లూ ముక్కూ లేకుండా వస్తుంది. పట్టుచీర అంచు ఏ రంగో కూడా తెలియదు.

ఈ రెండు పొరపాట్లలో రెండోదే ఎక్కువ చేటు. చీకటిగా వచ్చిన బొమ్మను కంప్యూటర్లో కాస్తయినా పైకి తేవచ్చు. చుక్కలు పెరుగుతాయిగానీ మనిషి కనపడతాడు. మరీ తెల్లబడి చెరిగిపోయిన చోట మాత్రం తీసుకురావడానికి ఏమీ మిగలదు. అక్కడ టేపులో ఉన్నది తెలుపే. అందుకే అనుమానం వచ్చినప్పుడు ఒక మెట్టు చీకటి వైపే ఉండటం మేలు.

ఇక్కడో మాట చెప్పాలి. ‘కాస్త తెల్లగా వచ్చేట్టు తియ్యవోయ్’ అని వీడియోగ్రాఫర్ని అడిగే అలవాటు మన పెళ్లిళ్లలో ఉంది. అతనూ వెలుగు పెంచేస్తాడు. దానివల్ల మొహం తెల్లబడదు. చెరిగిపోతుంది. ముక్కుపుడక మెరుపు, బుగ్గచుక్క అంచు, నవ్వినప్పుడు కళ్ల పక్కన పడే సన్నటి గీతలు... ఇవన్నీ పోతాయి. ఎక్స్‌పోజర్ సరిచేయడమంటే ఉన్న రంగును ఉన్నట్టు చూపించడం. చామనఛాయ చామనఛాయగా రావాలి.

అడ్డుతెర తొలగే క్షణం

ఆటో చేసే అన్యాయం మొత్తం ఒక్కచోట చూడాలంటే జీలకర్ర బెల్లం సమయం చాలు. వధూవరుల మధ్య తెల్లటి అడ్డుతెర పట్టుకుని ఉంటారు. పురోహితుడు మంత్రాలు చదువుతుంటే కెమెరా ఆ తెరనే చూస్తూ ఉంటుంది. తెల్లదనానికి తగ్గట్టు తన కన్ను చిన్నది చేసుకుంటుంది. ఇంతలో బాజాభజంత్రీలు జోరందుకుంటాయి. తెర తీస్తారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. కెమెరాకేమో ఇంకా తెర వెలుగే. ఎదురుగా ఉన్నవి మొహాలని గ్రహించి, ఐరిస్ మళ్లీ తెరుచుకుని సర్దుకునేసరికి ఒకటి రెండు సెకన్లు గడిచిపోతాయి. ఆ చూపు ఉండేదే అంతసేపు! వీడియోలో మాత్రం అక్కడ మొహాలు చీకట్లోంచి నెమ్మదిగా పైకి తేలుతూ కనిపిస్తాయి.

అందుకే ఈ ఘట్టానికి ముందే ఎక్స్‌పోజర్‌ను బిగించేయాలి. ఎలాగంటే...

తెర పట్టుకోకముందు, వధువు మండపంలో కూర్చున్నాక, ఆమె మొహం మాత్రమే ఫ్రేము నిండా కనపడేలా చూడండి. జూమ్ చేయడం కన్నా వీలైతే నాలుగడుగులు ముందుకు నడవండి. చాలా చిన్న క్యామ్‌కార్డర్లలో జూమ్ చివరిదాకా లాగితే లెన్సులోంచి వచ్చే వెలుగు కొంత తగ్గిపోతుంది, ఆ లెక్క మనల్ని మోసం చేస్తుంది. మొహం తెర నిండాక ఎక్స్‌పోజర్ బటన్ నొక్కండి. కొన్నిటిలో అది మెనూలో ఉంటుంది, కొన్నిటిలో పక్కన చిన్న చక్రం ఉంటుంది. నొక్కగానే తెరమీద ఒక గీత, దానిమీద ఒక గుర్తు కనిపిస్తాయి. ఆ క్షణంలో ఉన్న వెలుగు అక్కడే ఆగిపోయిందన్నమాట. ఇక తెల్లతెర వచ్చినా, ఫ్లాష్‌లు మెరిసినా కెమెరా కదలదు.

అంతటితో అయిపోలేదు. కెమెరా ఆ మొహాన్ని కూడా బూడిద సగటుకే తెచ్చి ఉంటుంది. మంచి ఛాయ ఉన్న మొహమైతే కాస్త చీకటిగా వస్తుంది, చక్రాన్ని ఒకటి రెండు మెట్లు పైకి తిప్పాలి. బాగా ముదురు ఛాయ అయితే ఉన్నదానికంటే పాలిపోయినట్టు వస్తుంది, ఒకటి రెండు మెట్లు కిందికి దించాలి. కంటికి ఎదురుగా ఉన్న మనిషినీ తెరమీది బొమ్మనూ మార్చి మార్చి చూసి తేల్చుకోవాల్సిందే, ఇంకో దారి లేదు. ఆ తర్వాత వెనక్కి నడిచి మీ చోటికి వచ్చేయండి. మధుపర్కాలు కాస్త ఎక్కువ తెల్లగా మెరిసినా ఫరవాలేదు. పదేళ్ల తర్వాత ఎవరూ చీర మడతలు చూడరు.

వధువు మొహం మీదికి కెమెరా పట్టుకెళ్లడం మొహమాటమనిపిస్తే మీ అరచేయి ఉంది. మండపం మీద పడే లైటు వెలుగులోనే అరచేయి చాచి, ఫ్రేము నిండా అదే కనపడేలా చేసి బిగించండి. మనలో ఛాయలు ఎన్ని రకాలున్నా అరచేతులకు అంత తేడా ఉండదు. అరచేయి బూడిద సగటు కంటే వెలుగైనది కాబట్టి బొమ్మ కొంచెం చీకటిగా వస్తుంది. ఒక మెట్టు పైకి తిప్పితే సరిపోతుంది.

స్టేజి కార్యక్రమానికీ ఇదే పద్ధతి. పాప మీద స్పాట్‌లైటు పడ్డాక మొహాన్ని చూసి, చెరిగిపోకుండా కనపడేదాకా చక్రం కిందికి తిప్పి వదిలేయండి. వెనక తెర నల్లగానే ఉండనివ్వండి. అది నల్లతెరే కదా! కొన్ని క్యామ్‌కార్డర్లలో ‘స్పాట్‌లైట్’ అనే మోడ్ ఉంటుంది. చక్రం తిప్పే ఓపిక లేనివారికి అది చాలు. అలాగే కిటికీ ముందు కూర్చున్న బామ్మను తీసేటప్పుడు ‘బ్యాక్‌లైట్’ బటన్ ఉపయోగపడుతుంది. అది వెలుగును ఒక నిర్ణీత మేరకు పెంచుతుంది, అంతే. వెనక ఎండ మరీ తీవ్రంగా ఉంటే ఆ పెంపు చాలదు. బటన్‌తో కుస్తీ పట్టేకన్నా బామ్మ కుర్చీని కిటికీకి ఎదురుగా తిప్పడం సులువు. కిటికీ వెలుగు మొహం మీద పడితే అంతకన్నా మంచి లైటు ఏ స్టూడియోలోనూ దొరకదు.

అన్నట్టు, పక్కకు తెరుచుకునే ఆ చిన్న తెరను గుడ్డిగా నమ్మకండి. దాని వెలుగు పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ వేరే అమరిక ఉంటుంది. పిల్లలు దాన్ని ఎప్పుడో పెంచి వదిలేస్తే బొమ్మ చీకటిగా ఉన్నా మీకు బాగానే కనిపిస్తుంది. కాస్త వాల్చి చూస్తే ఒకలా, నిటారుగా చూస్తే ఒకలా ఉంటుంది. ఎండలో అయితే అసలేమీ కనపడదు. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఉంటే ఎండలో అదే దిక్కు. మీ కెమెరా మెనూలో ‘జీబ్రా’ అన్న మాట ఉందేమో వెతకండి. ఉంటే అదృష్టమే. బాగా వెలుగెక్కిన చోట తెరమీద ఏటవాలు చారలు చూపిస్తుంది. ఆ చారలు టేపులోకి ఎక్కవు, మీకు మాత్రమే కనిపిస్తాయి. దాన్ని 100 దగ్గర పెట్టుకుంటే, చారలు పడినచోట ఇక వివరాలు పోతున్నాయని అర్థం. తెల్లచొక్కా మీద నాలుగు చారలు పడ్డా పట్టించుకోవక్కర్లేదు. నుదుటి మీద పడితే మాత్రం చక్రం కిందికి తిప్పాలి.

కొలిమి చెప్పే రంగుల కథ

ఇక నీలం సంగతి. తెల్లచొక్కా వేసుకుని బల్బు కింద నిలబడ్డా తెల్లగానే కనిపిస్తుంది, ఎండలోకి వచ్చినా తెల్లగానే కనిపిస్తుంది. నిజానికి బల్బు వెలుగు పసుపు. మిట్టమధ్యాహ్నం చెట్టునీడ నీలం వైపు మొగ్గుతుంది. మన మెదడు ఆ తేడాను మనకు తెలియనివ్వకుండా సరిచేసేస్తుంది. కెమెరాకు మెదడు లేదు. ఏ వెలుగు పడితే ఆ రంగే తీసుకుంటుంది.

వెలుగు రంగును కొలవడానికి శాస్త్రవేత్తలు పెట్టుకున్న కొలతకు మూలం కొలిమిలో కనిపిస్తుంది. కమ్మరి ఇనుమును కాలుస్తుంటే మొదట ఎర్రబడుతుంది. ఇంకా కాలిస్తే నారింజ, పసుపు, ఆ పైన తెలుపు. ఇంకా ఇంకా వేడిచేయగలిగితే నీలం వైపు మళ్లుతుంది. ఎంత వేడికి ఆ రంగు వస్తుందో ఆ వేడినే వెలుగు రంగుకు గుర్తుగా వాడతారు. కొలత పేరు కెల్విన్. దీపం వత్తి సుమారు 1,900 కెల్విన్లు, పాతరకం ఫిలమెంటు బల్బు 2,800, పెళ్లిళ్లలో వీడియోవాళ్లు పట్టుకునే హాలోజన్ లైటు 3,200, మధ్యాహ్నపు ఎండ 5,500, మబ్బుపట్టిన ఆకాశం 6,500, ఎండకాలపు నీడ 7,000 పైమాటే. తమాషా ఏమిటంటే మనం ‘వెచ్చటి రంగులు’ అనుకునే ఎరుపు, పసుపులకే ఈ కొలతలో వేడి తక్కువ!

క్యామ్‌కార్డర్ మెనూలో బల్బు బొమ్మ పక్కన ‘ఇండోర్’ అని ఉంటుంది. అది దాదాపు 3,200కు సరిపోయే అమరిక. సూర్యుడి బొమ్మ ‘అవుట్‌డోర్’. అది ఎండకు సరిపోయేది. ఇండోర్ అన్నారు కదా అని ఇంట్లోకి రాగానే బల్బు బొమ్మ నొక్కేస్తారు చాలామంది. పప్పులో కాలేసేది ఇక్కడే. మన ఇళ్లలో పగలు కిటికీ వెలుగు, రాత్రి తెల్లటి ట్యూబులైటు లేదా ఎల్ఈడీ. ఇవేవీ బల్బు రంగు కావు. మనదగ్గర అమ్మే ‘కూల్ డేలైట్’ ట్యూబులైట్లు 6,500 కెల్విన్ల రకం. వాటికింద బల్బు అమరిక పెడితే ఇల్లంతా నీలమే! పెళ్లికూతురి నీలానికి ఒక కారణం ఇదైతే, ఇంకోటి ఆటో చేసే నిర్వాకం. రంగుల విషయంలోనూ అది సగటునే నమ్ముకుంటుంది. ఫ్రేము నిండా బంతిపూలు, పసుపు తలంబ్రాలు, పసుపుచీర ఉంటే ‘వెలుగే పసుపుగా ఉంది కాబోలు’ అనుకుని విరుగుడుగా నీలం కలిపేస్తుంది. మంగళస్నానాల వీడియోలో పిల్ల మొహం పాలిపోయినట్టు ఉండటానికి కారణం అదే.

షామియానా కింద...

అన్నిటికంటే గట్టి పరీక్ష ఇంటిముందు వేసే షామియానా. ఎర్రగుడ్డ, పచ్చగుడ్డ, నీలంగుడ్డ పట్టీలుగా కుట్టి ఉంటుంది. మధ్యాహ్నపు ఎండ దానిలోంచి దిగేసరికి ఎర్రపట్టీ కింద కూర్చున్న మావయ్య ఎర్రగా, పచ్చపట్టీ కింద కూర్చున్న పెదనాన్న పచ్చగా కనిపిస్తారు. పక్కలు తెరిచి ఉంటాయి కాబట్టి వెనక వీధంతా ఎండ భగభగలాడుతూ ఉంటుంది. అంటే ఎక్స్‌పోజర్ చిక్కు, రంగు చిక్కు రెండూ ఒకేసారి!

ఇక్కడ ఆటోనూ నమ్మలేం, బల్బు బొమ్మనూ సూర్యుడి బొమ్మనూ నమ్మలేం. మూడో దారి ‘వన్ పుష్’. రెండు త్రికోణాలు, మధ్యలో చిన్న చదరం ఉన్న గుర్తు. పీటల మీద ఎవరు కూర్చుంటారో ఆ చోట ఒక తెల్లకాగితం పట్టుకుని నిలబడమని ఓ కుర్రాణ్ని పురమాయించండి. మీరు నిలబడ్డచోట కాదు, కూర్చునేవారి మొహాలు ఉండేచోట. కాగితం వెలుగువైపు తిరిగి ఉండాలి, కుర్రాడి నీడ దానిమీద పడకూడదు. ఫ్రేము నిండా కాగితమే కనపడేలా చేసి ఆ గుర్తును నొక్కండి. గుర్తు గబగబా మినుకుమంటుంది. నిలకడగా వెలిగిందంటే ‘ఇదే తెలుపు’ అని కెమెరా నేర్చుకున్నట్టు. ఎంతసేపటికీ నిలకడపడకపోతే వెలుగు చాలట్లేదు, లేదా మరీ విచిత్రమైన రంగన్నమాట. అప్పుడు దానితో పోట్లాడకుండా సూర్యుడి బొమ్మ పెట్టుకోండి.

తెల్లకాగితం దొరక్కపోతే? తెల్లచొక్కా, తువ్వాలు ఏదైనా సరే. పెళ్లింట్లో మాత్రం ఒక జాగ్రత్త. అక్కడ తెల్లగుడ్డలన్నిటికీ పసుపు అంటి ఉంటుంది. పంచెలకు నాలుగు మూలలా పసుపు పెడతారు, మధుపర్కాలకు పెడతారు, కొన్ని లేత గోధుమరంగులోనే ఉంటాయి. పసుపు గుడ్డను చూపించి ‘ఇదే తెలుపు’ అంటే కెమెరా లోకమంతటికీ నీలం పూస్తుంది. నీలిమందు పెట్టి ఉతికిన తెల్లగుడ్డ అయితే సరిగ్గా దీనికి ఎదురు. అందులో ఉన్న కాస్తంత నీలానికి విరుగుడుగా కెమెరా కాస్త ఎరుపూ పసుపూ కలుపుతుంది. మొహాలు వెచ్చగా, ఆరోగ్యంగా కనిపిస్తాయి. అనుభవమున్న కెమెరామెన్లు కావాలనే బాగా లేత నీలపు అట్టను చూపించి వైట్ బ్యాలెన్స్ చేసుకోవడం ఇందుకే.

ఇంటి గోడల్ని కూడా మర్చిపోవద్దు. లేత ఆకుపచ్చ డిస్టెంపర్ వేసిన గదిలో వెలుగంతా గోడలకు తగిలి పచ్చగా తిరిగొస్తుంది. అక్కడ వన్ పుష్ చేసిన తేడా టీవీలో వేసుకుంటే స్పష్టంగా కనిపిస్తుంది. గది మారితే మళ్లీ చేయాలి. హాల్లో నేర్పించిన తెలుపు వాకిట్లో తెలుపు కాదు. ఒకపక్క కిటికీ వెలుగు, మరోపక్క హాలోజన్ లైటు పడుతుంటే రెండిటికీ సరిపోయే అమరికంటూ ఏదీ లేదు. మొహం మీద ఏది ఎక్కువ పడుతోందో దానికి పెట్టుకుని రెండోదాన్ని వదిలేయడమే. కుదిరితే కిటికీ తెర వేసేయండి.

సరిచేయకూడని రంగులు

ఇంత చెప్పాక దీపావళి దీపాల ముందు కూడా తెల్లకాగితం పట్టుకునేరు! కొన్నిచోట్ల వెలుగు రంగే అసలు అందం. దీపాల వరుస బంగారు రంగులో ఉండాలి. హోమగుండం ముందు మొహాలు ఎర్రగా కదలాలి. సాయంత్రం గోదావరి మీద సూర్యుడు దిగుతుంటే నీళ్లు నారింజరంగులోనే ఉండాలి. ఆటోకు ఇది అర్థం కాదు. పాపం, సూర్యాస్తమయాన్ని కూడా సరిచేయడానికి చూస్తుంది. సాయంకాలానికి సూర్యుడి బొమ్మ, దీపాలకు బల్బు బొమ్మ పెట్టుకుంటే చాలు. దీపం బల్బు కంటే ఎర్రనిది కాబట్టి బల్బు అమరికలోనూ బంగారు ఛాయ మిగులుతుంది. స్టేజి మీద రంగురంగుల లైట్లు తిరుగుతుంటే కూడా బల్బు బొమ్మ పెట్టి కదపకండి. ఆటోలో ఉంటే అది ఒక్కో రంగు వెంటా పరుగెత్తి ఏదీ నిలవనీయదు.

అమెరికా కెమెరా, మన ట్యూబులైటు

ఇది మన తెలుగిళ్లకు ప్రత్యేకమైన బాధ. కొడుకో కూతురో అమెరికా నుంచి వస్తూ తెచ్చిన క్యామ్‌కార్డర్‌తో ఇక్కడ తీస్తే, ట్యూబులైటు కింద బొమ్మంతా అదురుతున్నట్టు వెలుగు మినుకుమంటుంది. కెమెరా పాడైందనుకుంటారు. కాలేదు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, చోక్ ఉన్న పాత ట్యూబులైటు దానికి రెట్టింపు, అంటే సెకనుకు 100 సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటుంది. మన దేశంలో అమ్మిన పాల్ పద్ధతి కెమెరాలు సెకనులో 50వ వంతు చొప్పున బొమ్మ తీసుకుంటాయి కాబట్టి రెండూ లయగా సాగుతాయి. అమెరికా పద్ధతిలో అది 60వ వంతు. తాళం తప్పుతుంది. మెనూలో షట్టర్ వేగాన్ని 100వ వంతుకు మార్చే వీలుంటే మార్చండి. మినుకు ఆగిపోతుంది. వెలుగు కాస్త తగ్గుతుంది, దాన్ని ఎక్స్‌పోజర్‌తో సరిపెట్టుకోవాలి. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్నవాటితో ఈ బాధ లేదు. చవకరకం ఎల్ఈడీలు కొన్ని ఇప్పటికీ ఈ ఆట ఆడిస్తాయి.

ఎక్స్‌పోజర్ చక్రం గురించి ఇంకొక సంగతి. చాలా ఇంటివాడకపు క్యామ్‌కార్డర్లలో ఆ ఒక్క చక్రమే ముందు ఐరిస్‌ను తెరుస్తుంది, అది పూర్తిగా తెరుచుకున్నాక ఎలక్ట్రానిక్‌గా వెలుగు పెంచడం మొదలుపెడుతుంది. దీన్నే గెయిన్ అంటారు. ఇందాక చెప్పిన చీమలు వచ్చేది ఈ రెండో దశలోనే. కాబట్టి రాత్రిపూట చీకటి వరండాలో చక్రాన్ని చివరిదాకా తిప్పి లాభం లేదు. ఇంకో లైటు వేయండి. తెల్లగోడ మీదికి ఒక లైటు తిప్పి పెడితే ఆ వెలుగు గదంతా మెత్తగా పరుచుకుంటుంది.

ఎప్పుడూ మాన్యువలే వాడాలని కాదు సుమా! ఊరేగింపులో ఒక వీధిదీపం నుంచి ఇంకో దీపానికి నడుస్తూ తీసేటప్పుడు, పిల్లలు హాల్లోంచి వాకిట్లోకీ వాకిట్లోంచి హాల్లోకీ పరుగులు పెడుతున్నప్పుడు, అప్పగింతల్లో కన్నీళ్లతో జనం మధ్యలోంచి దారి చేసుకుంటున్నప్పుడు చక్రం తిప్పుతూ కూర్చుంటే అసలుది పోతుంది. అక్కడ ఆటోయే నయం. మనుషులు ఒకచోట కూర్చుని, వెలుగు మారకుండా, వెనకో చుట్టూనో ఏదో ఒకటి కెమెరాను తికమకపెట్టేలా ఉన్నప్పుడే మన చెయ్యి పడాలి. పెళ్లిపీటలు, స్టేజి, కిటికీ పక్కన తాతయ్య చెప్పే కబుర్లు, షామియానా కింద భోజనాల బంతి... ఈ నాలుగూ చాలు.

ఫోనుతో తీసేవారికి కూడా సూత్రం ఇదే. చాలా ఫోన్లలో మొహం మీద వేలు కాసేపు నొక్కిపట్టుకుంటే ఫోకస్, వెలుగు అక్కడే బిగుసుకుంటాయి. ఆ తర్వాత వేలిని పైకో కిందికో జరిపి వెలుగు సర్దుకోవచ్చు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రో వీడియో అని ఒకటుంటుంది. అందులో కెల్విన్ అంకెలు కూడా కనిపిస్తాయి, పైన చెప్పిన అంకెలు అక్కడ సూటిగా పనికొస్తాయి. అడ్డుతెర తొలగే ముందు వేలు నొక్కిపట్టడం మాత్రం మర్చిపోకండి. ఫోనూ ఆ తెల్లతెరను చూసి అచ్చం క్యామ్‌కార్డర్‌లాగే తడబడుతుంది.

పెళ్లికి వారం ముందు ఇంట్లోనే ఒక గంట సాధన చేస్తే చేతికి అలవాటవుతుంది. తెల్లదుప్పటి పట్టుకుని ఇద్దర్ని నిలబెట్టి, దుప్పటి లాగేసి చూడండి. ఒకసారి ఆటోలో, ఒకసారి బిగించి. రెండూ టీవీలో వేసుకుని చూస్తే ఇంతసేపూ నేను చెప్పినదంతా పది సెకన్లలో అర్థమైపోతుంది. పిల్లలకు ఆటలాగా కూడా ఉంటుంది.

చివరిగా, బిగించిన ఎక్స్‌పోజర్, నేర్పించిన తెలుపు మీరు మార్చేదాకా అలాగే ఉండిపోవచ్చు. తాళి కట్టడం అయిపోయాక ‘ఇలా ఇవ్వు బాబాయ్, నేను తీస్తా’ అంటూ ఎవరో ఒక మేనల్లుడు వచ్చి కెమెరా లాక్కుని భోజనాల దగ్గరికి పరుగెత్తుతాడు. వాడి చేతికిచ్చే ముందు రెండిటినీ ఆటోకు మార్చి ఇవ్వండి.